వాసన తెలియడం లేదని ఇంట్లో ఎలా చెప్పాలి?

ఈ ఉత్తరం రాసినావిడ తన పేరూ ఊరూ చెప్పవద్దన్నారు. వయసు 59. రెండేళ్ళ క్రితం కుడిచెయ్యి వణకడం, నడక నెమ్మదించడం మొదలైతే న్యూరాలజిస్టు చూసి పార్కిన్సన్స్ అని తేల్చారు. లెవోడోపా మాత్రలు వాడుతున్నారు. చెయ్యి చాలావరకు మాట వింటోంది. ఆవిడ బెంగ చేతి గురించి కాదు, ముక్కు గురించి.

మొదటిసారి చూసినప్పుడు డాక్టరు "వాసనలు బాగానే తెలుస్తున్నాయా?" అని అడిగారట. "ఆ, తెలుస్తున్నాయండీ" అనేశారు ఈవిడ. ఇంటికొచ్చాక అనుమానం వచ్చి సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు. కాఫీపొడి డబ్బా మూత తీసి చూస్తే అదీ అంతే. వెనక్కి వెళ్ళి ఆలోచిస్తే ఏడెనిమిదేళ్ళుగా ఇలాగే ఉందని అర్థమైంది. జలుబులకి ముక్కు మొద్దుబారిందని అన్నాళ్ళూ సరిపెట్టుకున్నారు. పార్కిన్సన్స్‌లో వణుకు కంటే ఏళ్ళ ముందే వాసన పోతుందని ఆ తర్వాత ఎక్కడో చదివారు. "అప్పుడే ఎవరికైనా చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో" అన్న ఆలోచన అప్పటినుంచీ వదలడం లేదు.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కొన్ని నెలల క్రితం పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ వస్తూనే ఉంది, ఆవిడ పక్కగదిలోనే కూర్చుని ఉన్నారు. బయటినుంచి వచ్చిన కొడుకు గుమ్మంలోనే వాసన పట్టి పరుగెత్తాడు. అంతకుముందొకసారి పాడైన పాలు మనవడికి ఇవ్వబోతే కోడలు గ్లాసు లాక్కుంది. "అమ్మకి మతిమరుపు మొదలైంది" అని ఇప్పుడు ఇంట్లో అందరి నమ్మకం. వంటగదిలోకి రావద్దన్నారు. "ఈ ఇంట్లో నాకున్న పనల్లా అదే" అని రాశారామె.

పార్కిన్సన్స్ వచ్చినవాళ్ళ ఒంటికి ఒక వాసన ఉంటుందని చదివారట. తన ఒళ్ళూ అలాగే ఉంటుందేమోనని రోజుకు రెండుమూడుసార్లు స్నానం చేస్తున్నారు, పక్కగదిలో పడుకుంటున్నారు. భర్త ఎందుకని అడిగితే నిద్ర పట్టడం లేదని చెబుతున్నారు.

చివరి పేజీ తమ్ముడి గురించి. అతనికి 52. "కరోనా వచ్చి తగ్గినప్పటినుంచీ ఏ వాసనా తెలియడం లేదక్కా" అని ఫోనులో మాటల మధ్య అన్నాడు. నిద్రలో కేకలు పెడుతున్నాడని, ఎవరితోనో కొట్లాడుతున్నట్టు చేతులు విసురుతున్నాడని, ఒకసారి తన మొహానికి గట్టిగా తగిలిందని మరదలు చెప్పింది. "వాడికి చెప్పాలా? చెబితే భయపెట్టినదాన్నవుతాను. చెప్పకపోతే రేపు నన్ను నేను క్షమించుకోగలనా?" అని అడుగుతున్నారు.

జవాబు:

అమ్మా, డాక్టరుకి మీరు అబద్ధం చెప్పలేదు. ముందు ఆ బరువు దించుకోండి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో చాలా ఎక్కువమందికి, కొన్ని పరిశీలనల్లో 90 శాతం వరకు, వాసన తగ్గిపోతుంది. వాళ్ళలో చాలామందికి పరీక్ష పెట్టేదాకా ఆ సంగతే తెలియదు. ఏళ్ళమీద కొంచెం కొంచెంగా తగ్గుతుంది కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోవడం కష్టం. పైగా మీరు ఎందుకు పొరబడ్డారో మీ ఉత్తరంలోనే ఉంది. "ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండుతున్నాయి, బామ్ రాసుకుంటే ముక్కు చల్లబడుతోంది, పనిచేస్తున్నట్టే కదా అనుకున్నాను" అని రాశారు. ఆ మంటా ఆ చల్లదనమూ వాసన నరానికి సంబంధించినవి కావు. ముఖానికి స్పర్శ తెలిపే ట్రైజెమినల్ అనే వేరే నరం వాటిని చెబుతుంది. ఈ జబ్బులో అది పెద్దగా దెబ్బతినదు. కాబట్టి మీ ముక్కుకి నిజంగానే ఏదో తెలుస్తోంది. మీరు ఉన్నమాటే చెప్పారు.

ఈ జబ్బుకి తన పేరు వచ్చిన జేమ్స్ పార్కిన్సన్ లండన్ వైద్యుడు. ఆరుగురిని గమనించి 1817లో దీని లక్షణాలు రాశారు. వణుకు, ముందుకు వంగి నడవడం, నిద్ర చెడిపోవడం, చివరికి మలబద్ధకం కూడా ఆయన కంటపడ్డాయి. జ్ఞానేంద్రియాలకు మాత్రం ఏమీ కాదని రాశారు! రోగులకు వాసన పరీక్షలు పెట్టి చూడడం 1970లలో గానీ మొదలు కాలేదు. నూటయాభై ఏళ్ళపాటు వైద్యులే గమనించనిదాన్ని ఇంటిపనుల్లో మునిగి ఉన్న మీరు గమనించలేదని మిమ్మల్ని మీరు నిందించుకోవడం ఏం న్యాయం?

ఏడేళ్ళ క్రితమే చెప్పి ఉంటే ఏమయ్యేది? బహుశా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపేవారు. ఆయన సైనస్ చూసేవారు, ముక్కులో కండ పెరిగిందేమో చూసేవారు, ఏదో చుక్కల మందు రాసేవారు. వాసన పోవడానికి జలుబు దగ్గర్నుంచి తలకి దెబ్బ తగలడం దాకా ఎన్నో కారణాలున్నాయి. ఒట్టి వయసుతోనే పోయేవాళ్ళు కూడా చాలామంది. వాసన తెలియడం లేదన్న ఒక్క ముక్క మీద ఆనాడు ఏ డాక్టరూ పార్కిన్సన్స్ అని చెప్పి ఉండేవారు కాదు. ఒకవేళ చెప్పినా, జబ్బు రాకుండా ఆపే మందు లేదా ముదరకుండా నిలబెట్టే మందు ఇదీ అని రుజువైనది ఇవాళ్టికీ లేదు. ఉన్న మందులు లక్షణాలను అదుపులో పెడతాయి, వాటిని మీకు అవసరమైనప్పుడే మొదలుపెట్టారు. మీరు పోగొట్టుకున్న అవకాశమంటూ ఏదీ లేదు.

మాత్రతో చెయ్యి బాగుపడింది, ముక్కు ఎందుకు బాగుపడలేదని కూడా అడిగారు. ఈ జబ్బులో ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రోటీను నరాల కణాల్లో ముద్దలుగా పేరుకుంటుంది. అది మొదట కనిపించే చోట్లలో ఒకటి వాసన మొగ్గ, అంటే ముక్కు పైభాగాన మెదడు అడుగున ఉండే చిన్న భాగం. రెండోది మెదడుని వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో కింది భాగం. జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం 2003లో ఈ క్రమాన్ని వివరించింది. అందరిలోనూ ఇదే వరస అని చెప్పలేం గానీ, వాసన ముందు పోయి వణుకు తర్వాత రావడం దీనితో బాగా అర్థమవుతుంది. చెయ్యి వణకడానికి కారణం మెదడులో ఇంకోచోట, కదలికలకు అవసరమైన డోపమిన్ అనే రసాయనం తగ్గిపోవడం, ఆ లోటును లెవోడోపా పూడుస్తుంది. వాసన పోయింది డోపమిన్ లోటువల్ల కాదు. కాబట్టి ముక్కు కోసమని మాత్ర పెంచుకోకండి, పనిచేయడం లేదని మానేయకండి కూడా. లెవోడోపా ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక ఇల్లు. మీవాళ్ళు చూసింది నిజమే, చెప్పుకున్న కారణం తప్పు. పాలు పొంగి పొయ్యి ఆరిపోవడం ఎవరింట్లోనైనా జరుగుతుంది. మిగతావాళ్ళని ముక్కు లేపుతుంది, మిమ్మల్ని లేపలేదు. పాలు పాడయ్యాయో లేదో కూడా అందరూ ముక్కుతోనే పట్టుకుంటారు. ఇందులో మరిచిపోయిందేముంది? మీరు అసలు సంగతి చెప్పలేదు కాబట్టి వాళ్ళకి తట్టిన కారణం మతిమరుపొక్కటే. మీరు మౌనంగా ఉన్నకొద్దీ ఆ అనుమానం గట్టిపడుతుంది. రేపు కళ్ళజోడు ఎక్కడో పెట్టి వెతుక్కున్నా దానికిందే జమ వేస్తారు.

ఒక మాట దాచను. వాసన బాగా పోయిన పార్కిన్సన్స్ రోగుల్లో ముందుముందు జ్ఞాపకశక్తి దెబ్బతినే అవకాశం కొంత ఎక్కువని పరిశోధకులు గమనించారు. ఆ గ్లాసు పాలతో దానికి సంబంధం లేదు, మీకు వస్తుందనీ కాదు. కానీ ఇంట్లో ఆ మాట పుట్టింది కనక ఊహలతో నడపకుండా డాక్టరునే చిన్న జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టమనండి. బాగుందని తేలితే మీ మాటకి బలం వస్తుంది. ఏదైనా తేడా కనిపిస్తే దాని సంగతి దానికి చూడొచ్చు.

మీ ముందు మూడు దారులున్నాయి. ఇప్పటిలాగే దాచి ఉంచడం ఒకటి. గౌరవం నిలబడుతుందని మీరనుకుంటున్నారు గానీ, అది ఇప్పటికే మతిమరుపు పేరుతో పోతోంది. మీరు ఒంటరిగా ఉన్నప్పుడు గ్యాస్ ప్రమాదమూ అలాగే ఉంది. రెండోది మీవారికొక్కరికే చెప్పడం. మనసు తేలికవుతుంది, పాలూ మిగిలిన కూరలూ ఆయన చూసిపెడతారు. కానీ మిమ్మల్ని వంటగదిలోకి రావద్దన్నది ఆయన కాదు. కొడుకూ కోడలూ అలాగే అనుమానిస్తుంటే ఆ రహస్యం ఆయనకీ బరువే. మూడోది అందరినీ కూర్చోబెట్టి చెప్పడం. మొదట్లో కట్టుబాట్లు ఇంకా ఎక్కువ కావచ్చు, దానికి సిద్ధపడండి. "వాసన కూడా తెలియదా, అయితే అసలు పొయ్యి దగ్గరికే వెళ్ళకు" అని కొడుకు అనవచ్చు. అందుకని ఒట్టి కబురుతో కాకుండా ఏర్పాట్లతో సహా వెళ్ళండి.

నోటిమాట కంటే కళ్ళతో చూసింది త్వరగా ఎక్కుతుంది. కళ్ళు మూసుకుని కూర్చోండి. సబ్బు, కాఫీపొడి, నారింజ తొక్క ఒక్కొక్కటే ముక్కు కింద పెట్టమనండి. మధ్యమధ్య ఏమీ పెట్టకుండా కూడా అడగమనండి. బామ్, ఘాటైనవి వద్దు, అవి మంటతోనో చల్లదనంతోనో తెలిసిపోతాయి. ఇది వైద్య పరీక్ష కాదు. ఆసుపత్రుల్లో వాడే అసలు పరీక్షలు వేరే ఉన్నాయి, అమెరికాలో 1980లలో రూపొందిన ఒకదానిలో గీరి వాసన చూసే 40 వాసనలుంటాయి. ఇంట్లో చేసే ఈ చిన్నపని మీవాళ్ళు నమ్మడానికి. నారింజ తొక్క ముక్కు కిందే ఉండగా "ఏమైనా పెట్టారా?" అని మీరడిగితే ఆ గ్లాసు పాల సంగతి మీ కోడలికి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఏర్పాట్లంటే ఇవి. చెవులు వినిపించనివాళ్ళింట్లో కాలింగ్ బెల్లుకి బదులు లైటు వెలిగేలా పెడతారు చూశారా, అలాగే మీ ముక్కు పని చెవికి అప్పగించాలి. గ్యాస్ అలారం, పొగ అలారం రెండూ పెట్టించండి. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, కిందికి దిగుతుంది, దాని అలారం నేలకి దగ్గరగా ఉండాలి. గొట్టాల్లో వచ్చే సహజవాయువు తేలిక, దానికి పైన పెట్టాలి. ఇది తారుమారైతే అలారం ఉన్నా లేనట్టే. అది మోగితే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా, గ్యాస్ కట్టేసి కిటికీలు తెరిచి బయటికి రావాలి. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే పొయ్యిలున్నాయి. ఇండక్షన్ పొయ్యి కూడా మంచిదే. పార్కిన్సన్స్ కోసం మెదడులో విద్యుత్ సంకేతాలిచ్చే డీబీఎస్ పరికరం అమర్చుకున్నవాళ్ళు మాత్రం దాన్ని వాడేముందు డాక్టరుని అడగాలి. మీరు అలాంటిదేమీ రాయలేదు, ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి గిన్నె మీదా తారీకు రాసి అంటించండి. వంట మీరే చేస్తానని, కాసేపు ఎక్కడికైనా వెళ్ళాల్సి వస్తే పొయ్యి కట్టేసి వెళ్తానని, పొయ్యి మీద ఏమైనా ఉంటే గడియారం మోగేలా పెట్టుకుంటానని చెప్పండి. ఇంకో సంగతి గమనించండి: ఈ జబ్బులో వేళ్ళు మొరాయించి గ్యాస్ మీట చివరిదాకా తిరగకుండా ఆగిపోవచ్చు. టక్కుమన్న చప్పుడు వినేదాకా తిప్పి, కంటితో చూసుకోండి.

ఉప్పు ఎక్కువవుతోందని కూడా రాశారు. నాలుకకి తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు చారులాంటివాటిలో ఉండే ఉమామి. మనం రుచి అనుకునేదాంట్లో చాలాభాగం నములుతున్నప్పుడు గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. అది లేక చప్పగా ఉంటే చెయ్యి ఉప్పు మీదికి వెళుతుంది. చెంచాతో కొలిచి వేయండి, రుచి ఇంకొకరిని చూడమనండి. ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ పడిపోయేవాళ్ళకి ఉప్పు పెంచమంటారు, బీపీ ఎక్కువున్నవాళ్ళకి తగ్గించమంటారు, మీరు ఎటో డాక్టరుని అడగండి. ఆకలి తగ్గి ఒళ్ళు తగ్గిపోవడం వాసన పోయినవాళ్ళలో ఉన్నదే, నెలకోసారి బరువు చూసుకోండి. ప్రోటీను ఎక్కువున్న భోజనంతో కలిపి వేసుకుంటే లెవోడోపా కొందరికి సరిగ్గా పట్టదు. అందుకే సాధారణంగా భోజనానికి అరగంటో గంటో ముందు వేసుకోమంటారు.

మీవారి సంగతి దగ్గరికి వస్తే, ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. మీరు చదివిన కథ జాయ్ మిల్న్ అనే స్కాట్లండ్ ఆవిడది అయ్యుండాలి. ఆమె భర్త లెస్ వైద్యుడు. ఆయన ఒంటి వాసన మారిందని పార్కిన్సన్స్ అని తేలడానికి పన్నెండేళ్ళ ముందే ఆమె పసిగట్టారు. తర్వాత ఎడిన్‌బరోలో శాస్త్రవేత్తలు రోగులూ ఆరోగ్యవంతులూ తొడుక్కున్న చొక్కాలిచ్చి పరీక్షించారు. జబ్బు లేదనుకున్న ఒకరి చొక్కాను కూడా ఆమె ఉన్నవైపే పెట్టారు. కొన్ని నెలలకి అతనికీ ఉందని తేలింది. మాంచెస్టర్ శాస్త్రవేత్తలు 2019లో ఆ వాసనకి మూలమైన కొన్ని పదార్థాలను చర్మం మీది జిడ్డులో గుర్తించారు. కథ నిజమే. కానీ ఆమెది మామూలు ముక్కు కాదు, పుట్టుకతోనే అసాధారణంగా చురుకైనది. ఆమెకు తెలిసిన ఆ వాసన రోగుల చుట్టూ ఉండే డాక్టర్లకీ నర్సులకీ తెలియలేదు, భార్యాభర్తలకీ తెలియలేదు. అందుకే అది అంత వార్త అయింది. మీ ఒంటికి నలుగురూ మొహం తిప్పుకునే వాసన పట్టిందని దాని అర్థం కాదు.

తన వాసన తనకి తెలియకపోవడం ఎంత దిగులో నాకు తెలుసు. దానికి స్నానాలు మందు కావు, ఎన్ని చేసినా శుభ్రంగా ఉన్నానని మీ ముక్కు మీకు చెప్పదు. చెప్పగలిగే మనిషి కావాలి. మీవారిని అడగండి: "నాకు తెలియదు, ఎప్పుడైనా తేడాగా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, ఏమీ లేకపోతే లేదనీ చెప్పండి" అని. అడగడానికి సిగ్గుగా ఉంటుంది. కానీ ఇప్పుడు ఆయన ఏమనుకుంటున్నారో ఆలోచించండి. ఈ జబ్బులో మొహం కొంచెం బిగుసుకుపోతుంది, నవ్వు మునుపటిలా పైకి కనిపించదు. అలాంటి మొహంతో, కారణం చెప్పకుండా మంచం మార్చేస్తే, తన మీద విరక్తి పుట్టిందనుకోవడంలో ఆయన తప్పేముంది? రాత్రి నిజంగానే నిద్ర పట్టక, అటూ ఇటూ తిరగలేక విడిగా పడుకునేవాళ్ళుంటారు, అది వేరు. మీ కారణం అది కాదు కాబట్టి అసలుది ఆయనకి తెలియాలి. విని ఆయన ఒక్కసారి కాదంటే మీ భయం పోకపోవచ్చు. పదిసార్లు అడగాల్సి వస్తుంది, అడగండి.

మనవడి తల నిమిరితే వచ్చే వాసన గుర్తు తెచ్చుకోవాలన్నా రావడం లేదని రాశారు. ఉద్వేగాలనూ జ్ఞాపకాలనూ చూసే మెదడు భాగాలకి వాసన దాదాపు నేరుగా చేరుతుంది, చూపూ వినికిడీ అలా వెళ్ళవు. అందుకే అది పోతే దగ్గరివాళ్ళు కూడా ఎక్కడో దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. మీ మనసు రాయి కాలేదు. దీనికి ఏడవాలనిపిస్తే ఏడవండి, ముక్కే కదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అయితే వాసన ఒక్కటే కాక పాటా మాటా మనుషులూ ఏవీ పట్టకుండా వారాల తరబడి ఉంటే డాక్టరుకి చెప్పాలి. ఈ జబ్బులో డిప్రెషన్ కూడా ఒక భాగం, దానికి వైద్యం ఉంది.

తిరిగి వస్తుందా? పూర్తిగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వాసన సాధన అని ఒకటుంది. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెలను పొద్దునా సాయంత్రమూ ఒక్కొక్కటే కొన్ని క్షణాలు మనసు పెట్టి పీల్చడం. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో 12 వారాలు ఇలా చేయించి చూసింది. తర్వాత పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళతో చేసిన ఒక చిన్న అధ్యయనంలోనూ కొంత మెరుగు కనిపించింది. హాని లేదు, చేయాలనుంటే చేయండి. రోజూ ఖాళీ సీసా వాసన చూస్తున్నట్టుండి దిగులు పెరుగుతుంటే మానేయండి, దానివల్ల నష్టమూ లేదు. జింకు కలిపిన ముక్కు మందుల జోలికి మాత్రం పోవద్దు. అలాంటివాటితో ఉన్న వాసన కూడా పోయిందని ఫిర్యాదులొచ్చి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరించింది. ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోండి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి సైనస్ రాకూడదని ఏమీ లేదు, అది కూడా ఉంటే ఆ మేరకైనా బాగుపడుతుంది.

ఇప్పుడు తమ్ముడు. అతను చెప్పినదాన్నీ మరదలు చెప్పినదాన్నీ కలపకుండా విడివిడిగా చూడండి. కరోనా తర్వాత వాసన పోయినవాళ్ళు లోకమంతా ఉన్నారు, అందరికీ పూర్తిగా తిరిగి రాలేదు. అదొక్కటే అయితే పార్కిన్సన్స్ మాట ఎత్తవద్దనే చెప్పేదాన్ని. తోబుట్టువుకి ఉంటే అవకాశం కొంచెం పెరిగే మాట నిజమే గానీ, ఈ జబ్బు చాలామందిలో వంశపారంపర్యంగా రాదు.

నిద్ర సంగతి అలా కాదు. కలలొచ్చే నిద్రలో మన కాళ్ళూ చేతులూ కదలకుండా మెదడు కాండం కట్టిపెడుతుంది. ఆ కట్టు సడలితే కలలో చేసేదంతా మంచం మీద చేసేస్తారు. నిద్ర పరీక్షలో ఇది ఖాయమైన నడివయసువాళ్ళలో చాలామందికి ఏళ్ళ తర్వాత పార్కిన్సన్స్ గానీ దాని దగ్గరి జబ్బు గానీ వస్తోందని ఇప్పుడు తెలుసు. వాసన పోవడం కంటే ఇది చాలా గట్టి సూచన. కానీ ముందు అదేనని తేలాలి కదా. గురకపెట్టి ఊపిరి ఆగే జబ్బులోనూ ఇలాగే కొట్టుకుంటారు, డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులతోనూ ఇలా అవుతుంది. ఆ రెంటికీ చేయాల్సింది వేరు. కేకలూ చేతులు విసరడమూ ఫోనులో విని మీరూ నేనూ తేల్చేది కాదు.

ఏమీ చెప్పకుండా ఊరుకుంటే అతను కొన్నాళ్ళు నిశ్చింతగా ఉంటాడు. ఈలోగా మంచం మీదినుంచి పడవచ్చు, మరదలికి ఈసారి ఇంకా గట్టిగా తగలవచ్చు. రేపు డాక్టరే ఆ మాట చెబితే అక్కకి తెలిసీ చెప్పలేదని బాధపడతాడు. ఉన్నదంతా ఒక్కసారే చెప్పేస్తే మీ గుండె బరువు దిగుతుంది. కానీ తప్పో ఒప్పో తేలని దాంతో అతను ప్రతి రాత్రీ తన చేతివైపు చూసుకుంటూ గడపాల్సి వస్తుంది. ఆపే మందు లేని జబ్బు గురించి ముందే తెలుసుకోవాలా వద్దా అన్నది అతను తేల్చుకోవాల్సిన విషయం. కొందరు తెలుసుకుని వ్యాయామం మొదలుపెడతారు, ఆస్తిపాస్తులు చక్కబెట్టుకుంటారు, పరిశోధనల్లో పేరిస్తారు. కొందరికి ఆ ఎరుకే జబ్బవుతుంది. మీ తమ్ముడు ఏ రకమో నాకంటే మీకు బాగా తెలుసు.

నా మొగ్గు వీటికి మధ్యలో ఉంది. నిద్ర కోసం డాక్టరుకి చూపించుకోవడానికి పార్కిన్సన్స్ ప్రస్తావనే అక్కర్లేదు. భార్యకి దెబ్బ తగులుతోంది, అంతకంటే కారణం ఏం కావాలి? దానికి మందులున్నాయి, పడకుండా తగలకుండా జాగ్రత్తలున్నాయి. అతనికి ముందు అదే చెప్పండి. తర్వాత మీ కథ మీరు చెప్పుకోండి, నాకూ వాసన పోయిందిరా, ఎన్నాళ్ళో ఎవరికీ చెప్పలేదు అని. అక్కడ ఆగి, "నా జబ్బు గురించి నేను తెలుసుకున్న సంగతులు కొన్నున్నాయి, వింటావా, తర్వాత చెప్పనా?" అని అడగండి. వింటానంటే ఉన్నదున్నట్టు చెప్పండి, ఖాయం కాదన్నదీ చెప్పండి. వద్దంటే వదిలేయండి, కానీ నిద్ర డాక్టరు దగ్గరికి మాత్రం పంపే వదలండి. వెన్నుపాము నీటిలో, ఇందాక చెప్పిన ఆల్ఫా సైన్యూక్లీన్ ప్రోటీను ఛాయలు పట్టే పరీక్ష ఉంది, 2023లో దాని ఫలితాలు బాగా వచ్చాయి. ఎక్కడైనా చదివి దానికోసం తొందరపడితే, ఫలితం వచ్చాక ఏం చేస్తావని డాక్టరు ముందు కూర్చుని మాట్లాడాకే నిర్ణయించుకోమనండి.

మరదలికి మాత్రం ఇవాళే ఫోను చేయండి. డాక్టరుకి చూపించేదాకా వేరే మంచం మీద పడుకోమనండి. అతని మంచం పక్కన గాజు సామానూ మొనదేరిన బల్లలూ లేకుండా తీసేయమనండి, కింద పరుపు వేయమనండి. రాత్రి అతను ఎలా చేస్తున్నాడో ఒకటి రెండుసార్లు, అతనికి చెప్పి, ఫోనులో వీడియో తీసి పెట్టుకోమనండి. నిద్ర డాక్టరు మొదట అడిగేది అదే.